బావ రాయి మీద ఏం రాయించాలి

ఫిబ్రవరి 7, శనివారం

బావను సమాధి చేసి వచ్చాం. పదకొండున్నరకి.

ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. పక్క కల్లంలో మిరపకాయలు ఎండబోశారు. పాస్టరు గారు ప్రార్థన మధ్యలో రెండుసార్లు తుమ్మారు. ఎవరూ నవ్వలేదు. బావ ఉంటే నవ్వేవాడు.

పెట్టె దింపేటప్పుడు తాడు నేనూ పట్టాను. తాడు జారబోయింది. బావ కొడుకు ప్రభాకర్ వచ్చి తాడు అందుకున్నాడు. "నువ్వు పక్కన నుంచో మావయ్యా."

పక్కన నిలబడ్డాను.

మా ఆవిడ మరియ ఏడవలేదు. ఇంటికొచ్చాక వాళ్ళన్న కండువా ఉతికి ఆరేసింది. అప్పుడు ఏడ్చింది.

ఫిబ్రవరి 8, ఆదివారం

గుడికి వెళ్ళాను. చివరి వరసలో బావ కూర్చునే చోటు ఖాళీ. ప్రసంగం ఏం చెప్పారో గుర్తులేదు.

ఫిబ్రవరి 9, సోమవారం

ప్రభాకర్ వచ్చాడు. మంగళగిరి ఆఫీసులో సెలవు పెట్టాడట. కుర్చీ వేసినా కూర్చోలేదు.

ఇరవై ఒకటిన, శనివారం, జ్ఞాపకార్థ కూడిక. వాళ్ళ నాన్న జీవిత చరిత్ర నేను రాసి చదవాలంట.

"నాకు చేతకాదురా."

"కలిసి పని చేసిన వాళ్ళలో నువ్వొక్కడివే మిగిలావు మావయ్యా. ఒక పేజీ చాలు. నిజమేదో అది రాయి. పొగడ్తలు వద్దు."

పొగడ్తలు వద్దు – ఆ మాట ఎటో చూస్తూ అన్నాడు. తండ్రి మీద వాడికి ఉన్నది ఆ కోపమే. చిన్నప్పటి నుంచీ.

సరే అన్నాను. ఎందుకన్నానో. డెబ్బై నాలుగేళ్ళలో పదిమంది ముందు నిలబడి నేను మాట్లాడింది లేదు. నా పెళ్ళిలో ప్రమాణం చెప్పేటప్పుడు కూడా వినపడలేదని పాస్టరు గారు రెండుసార్లు చెప్పించారు.

ఫిబ్రవరి 10, మంగళవారం

రాయడానికి కూర్చున్నాను. కీమ్యాన్‌గా రైల్వేలో ఉన్నప్పుడు రోజూ పుస్తకం రాసేవాణ్ణి. ఫలానా కిలోమీటరు నుంచి ఫలానా కిలోమీటరు దాకా నడిచాను, పట్టాలకి ఇన్ని తాళాలు బిగించాను, ఇనస్పెక్టరు గారు వచ్చి చూశారు. ఆ అలవాటే ఈ డైరీ. మనిషి గురించి రాయడం వేరే.

ఏసుపాదం. మా మరియకి అన్న. పద్దెనిమిదో ఏట రైల్వేలో చేరాడు. ఇద్దరు పిల్లలు, ప్రభాకర్, రాణి. భార్య సువార్తమ్మ.

రాణికి జడ బావే వేసేవాడు. సువార్తమ్మక్క తెల్లారకముందే మిరపకోతకి పోయేది. బావ రెండు జడలు వేసి, రిబ్బన్లు కట్టి, పిల్లల్ని బడికి పంపి అప్పుడు డ్యూటీకొచ్చేవాడు. రిబ్బన్ల మీద గ్రీజు మరకలు. పంతులమ్మ అడిగితే రాణి చెప్పేదట – మా నాన్న రైలు బాగు చేస్తాడు, అందుకని.

లైను పక్కన ముంజలు కొడితే పిల్లలకి ఆరు తీసి పక్కన పెట్టాకే మాకు పెట్టేవాడు.

ఇవి రాశాను. తర్వాత – "మొదట గ్యాంగ్‌మన్‌గా, పిమ్మట ఆ గ్యాంగుకి మేటుగా…"

పెన్ను పెట్టేశాను. టీ చల్లారిపోయింది.

ఫిబ్రవరి 11, బుధవారం

ఇంకోటి వచ్చి పడింది. రాయి.

కూడిక నాటికి సమాధి మీద రాయి నిలబెట్టాలి. పేరు, పుట్టింది, పోయింది. కింద ఉద్యోగం. గుంటూరులో చెక్కేవాడికి కాగితం ఇవ్వాలి. రాణి "రైల్వే మేటు" అని రాయించమంటోంది. ప్రభాకర్ ఒప్పుకోవడం లేదు. నా ముందే.

"మేటు చెయ్యలేదా ఆయన? పదిమందికి పని చెప్పలేదా?"

"చేశాడే. పీకేశారు కూడా. గ్యాంగ్‌మన్‌గా దిగాడు. రాయి మీద అబద్ధం కొట్టిస్తావా?"

"చచ్చిపోయిన మనిషి మీద నీకెందుకన్నయ్యా ఇంత…"

"బళ్ళో నన్ను ఏమని పిలిచేవారో నీకు తెలీదు. తాగుబోతు మేటు కొడుకు. పదో తరగతి దాకా."

ప్రభాకర్ నావైపు తిరిగాడు.

"నువ్వు అప్పుడు అక్కడే ఉన్నావు. తర్వాత నువ్వూ మేటు చేశావు. నువ్వే చెప్పు మావయ్యా, ఏది రాయించాలి. నువ్వు ఏదంటే అది."

రెండు రోజులు ఆగమన్నాను. మాత్ర వేసుకున్నాను.

ఫిబ్రవరి 12, గురువారం

రాయాలి. ఈ పుస్తకం ఎవరూ చూడరు.

మీటర్ గేజి రోజులు, చిన్న లైను. నల్లపాడు స్టేషను దాటాక మలుపు. నడి వేసవి. పట్టాల అతుకు విప్పి పని చేస్తున్నారు. బావ మేటు. నేను ఇంకా క్యాజువల్ లేబరు – ఆ పని పెట్టించిందీ బావే. నా పని జెండా. పట్టాలకి అటొక గెడ, ఇటొక గెడ, మధ్యలో ఎర్రగుడ్డ. దూరంగా దాని దగ్గర నిలబడాలి. పని అయ్యాక మేటు ఒక మనిషిని పంపిస్తాడు. ఆ మనిషి వచ్చి నోటితో చెప్తేనే జెండా విప్పాలి.

మొదటి రోజే చెప్పాడు. "చెయ్యి ఊపితే విప్పకు బావా. ఊపింది నేనైనా విప్పకు. మనిషి రావాలి."

పొద్దున ఏడు నుంచి నిలబడ్డాను. నీళ్ళ కుండ వాళ్ళ దగ్గర. పన్నెండయింది. పట్టాల మీద ఎండమావి. అటు చూస్తే మనుషులు నడుము లోతు నీళ్ళలో ఉన్నట్టుంది. ఎవరో రెండు చేతులూ పైకెత్తినట్టు కనిపించింది. మనిషి రాలేదు. విప్పాను. గుడ్డ చుట్టి చంకలో పెట్టుకుని నీళ్ళ కోసం నడిచాను.

చేతులెత్తింది బావ కాదు. లైను అవతల కల్లంలో ఎవరో గోనె దులుపుతున్నారు. దగ్గరికి వెళ్ళాక కనిపించింది. పట్టా ఇంకా విప్పే ఉంది. అప్పుడే నా వెనకాల గూడ్సు కూత.

బావ తలగుడ్డ ఊడబీకి ఊపుకుంటూ నన్ను దాటి బండికి ఎదురు పరిగెత్తాడు. జెండా నా చంకలోనే ఉంది. నేను తెరవలేదు. నిలబడి చూశాను.

బండి ఆగీ ఆగనట్టు వచ్చి, ముందు చక్రాలు అతుకు దగ్గర దిగబడ్డాయి. ఎవరికీ ఏమీ కాలేదు. దేవుని దయ.

సాయంత్రం బావ నన్ను తుమ్మచెట్ల వెనక్కి తీసుకెళ్ళాడు. "నువ్వు పర్మినెంటు కాలేదు. నిన్ను పీకేస్తారు. నాకైతే మేటు పోద్ది, అంతే. మా చెల్లి మూడో నెల మీద ఉంది. నోరెత్తకు." ఎంక్వైరీలో – చెయ్యి ఊపింది నేనే, పని అయిందనుకుని జెండా తీయమన్నది నేనే – అని చెప్పాడు. గ్యాంగులో మిగతావాళ్ళకి తెలుసు. మేటు మాట మీద ఊరుకున్నారు. ఇప్పుడు ఒక్కరూ లేరు.

మేటు తీసేశారు. పని మధ్యలో జెండా తీయమన్నాడంటే తాగి ఉంటాడని ఊరు అనుకుంది. గుడి సంఘ పెద్దలు పిలిచి అడిగారు. తాగలేదంటే, మరి ఎందుకలా చేశావు అంటారు. అందుకని ఏమీ చెప్పలేదు. బావకున్న సంఘ పెద్దరికం తీసేశారు. ఆ ఆదివారం నుంచి చివరి వరస.

నేను పర్మినెంటయ్యాను. కీమ్యాన్నయ్యాను. మేటునయ్యాను. బావ రిటైరయ్యేదాకా ఎనిమిదేళ్ళు నా కింద గ్యాంగ్‌మన్. నలుగురిలో "మేటు గారూ, ఇక్కడ కంకర ఎత్తమంటారా" అనేవాడు. ఎవరూ లేనప్పుడు కూడా అలాగే అని కన్ను గీటేవాడు. నేను నవ్వేవాణ్ణి. ఎలా నవ్వానో.

ఫిబ్రవరి 13, శుక్రవారం

ఆటోలో నల్లపాడు వెళ్ళాను. మరియకి మందుల షాపు అని చెప్పాను.

మలుపు దాకా నడిచాను. అంతా మారిపోయింది. పెద్ద లైను, పైన కరెంటు తీగలు, సిమెంటు స్లీపర్లు. తుమ్మచెట్లు లేవు. ఏ చోటో పోల్చుకోలేకపోయాను. చేలో కాయలు కోస్తున్న ఆవిడ పిలిచింది. "ఎవరి కోసం తాతా? ఎండలో పడిపోతావు, ఇటు రా."

నీళ్ళిచ్చింది. తాగలేకపోయాను. కృష్ణా నీళ్ళే, చల్లగానే ఉన్నాయి అంటోంది ఆవిడ.

ఫిబ్రవరి 14, శనివారం

చెబుదామనుకున్నాను.

మరియ వసారాలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఇంటి కారానికి. నేనూ ఎదురుగా కూర్చున్నాను. మా అమ్మాయి ఒంగోలు నుంచి ఫోన్ చేసింది, కూడికకి రావడం కుదరదని. ఫోన్ పెట్టేశాక మరియ తనంతట తనే అంది.

"ఊరంతా మా అన్న తాగాడన్నప్పుడు, తాగలేదని మీరొక్కరే గట్టిగా అన్నారు. అప్పటికి మన పెళ్ళయి రెండేళ్ళు. అప్పుడే అనుకున్నా, ఈ మనిషితో ఏదొచ్చినా సర్దుకోవచ్చని."

కాయ చేతిలో నలిగిపోయింది. కళ్ళు మండాయి. కారం అంది మరియ. లోపలికెళ్ళి కొబ్బరినూనె తెచ్చి నా వేళ్ళకి రాసింది.

చెప్పలేదు.

ఫిబ్రవరి 15, ఆదివారం

పాస్టరు గారు గుమ్మంలో పట్టుకున్నారు. "రాయడం అయిందాండి? పది నిమిషాలు మించకుండా చూడండి."

అయ్యిందండి అన్నాను. గుడి గుమ్మంలో అబద్ధం.

ఫిబ్రవరి 16, సోమవారం

మధ్యాహ్నం సువార్తమ్మక్క దగ్గరికి వెళ్ళాను. ఒక్కతే ఉంది. బావ మంచం ఎత్తి గోడకి ఆనించారు.

చెప్పాను. ఎలా చెప్పానో. జెండా, గోనె, చంకలో గుడ్డ. అంతా. నేల చూస్తూ చెప్పాను.

గోడకానించిన మంచం కేసి చూసింది. తర్వాత –

"ఆ కంకర పని చేసి చేసి రోజూ నడుం పట్టేసేది. ఇటిక కాచి గుడ్డలో చుట్టి పెట్టేదాన్ని. మేటువై ఉంటే ఈ బాధ ఉండేదా, తాగే ఉంటావు, ఒప్పుకోవు అనేదాన్ని. అన్నేళ్ళూ అన్నాను తమ్ముడూ. నవ్వేవాడు."

క్షమించక్కా అన్నాను.

"ఇప్పుడెందుకు చెప్పావు?"

రాయి సంగతి చెప్పాను. చరిత్ర చదవడం సంగతి.

"ఆయన మంచం మీద ఉన్నప్పుడు రోజూ వచ్చి కూర్చునేవాడివిగా. బత్తాయిలు వలిచి పెట్టేవాడివి. అప్పుడు చెప్పి ఉంటే నేను ఆయన చెయ్యి పట్టుకుని ఒక మాట అడిగేదాన్ని. ఇప్పుడు ఎవర్ని అడగను?"

లేవబోయాను.

"నాతో చెప్పావు, అక్కడితో ఆపు. గుళ్ళో చదవకు. మరియ ఏమైపోద్ది? దాని కోసమేగా ఆయన మోసింది. నీ గుండె బరువు దించుకోడానికి దాని నెత్తిన పెడతావా."

ఆమె మాటే నిజం. కానీ రాయి? ప్రభాకర్ కారణం లేకుండా ఒప్పుకోడు. కారణం నా దగ్గరే ఉంది.

ఫిబ్రవరి 17, మంగళవారం

ఏమీ తినబుద్ధి కాలేదు. జెండా ముక్కతో ఒకటి, ఆ ముక్క లేకుండా ఒకటి, రెండు రకాలుగా రాశాను. ఒకటి చించాను. ఏది చించానో చూసుకుంటే – చించాల్సింది కాదు. మళ్ళీ రాశాను.

ఫిబ్రవరి 18, బుధవారం

మరియ చదివించింది. నేను వద్దంటున్నా.

"ఇప్పుడు నా ముందు చదవండి. అక్కడ గుటకలు మింగితే పరువు పోద్ది." మళ్ళీ మిరపకాయల చేట ముందేసుకుని కూర్చుంది.

ఆ ముక్క లేని కాగితం చదివాను.

"గట్టిగా. మీ గొంతు మీకైనా వినపడుతోందా?"

గట్టిగా చదివాను. జడల దగ్గర నవ్వింది. ముంజల దగ్గర ముక్కు తుడుచుకుంది. అయిపోయింది.

"మేటు పోయిన ముక్క ఏది?"

"అది ఎందుకులే."

"ఎందుకేంటండీ. ప్రభాకర్ రాయి మీద గ్యాంగ్‌మన్ అని కొట్టిస్తానంటున్నాడు. మీరు అక్కడున్నారు. జెండా మీ చేతిలోనే ఉంది. మా అన్న తూలుతూ చెయ్యి ఊపాడా, స్పృహలో ఉండి ఊపాడా, మీరేగా చూసింది. జనానికి చెప్పండి."

"ఊపలేదు."

"ఆఁ?"

"మీ అన్న చెయ్యి ఊపలేదు మరియా. ఎవరో గోనె దులుపుతుంటే చూసి నేనే విప్పాను."

చేతిలో కాయకి తొడిమ తీసింది. ఇంకో కాయ తీసుకుంది. దానికి తీయలేదు.

"మనిషి రావాలిగా. మనిషి వచ్చి చెప్పాలిగా." గ్యాంగ్‌మన్ చెల్లెలు, మేటు భార్య. రూలు తనకీ తెలుసు.

"రాలేదు."

"రాకుండా విప్పారు."

"దాహమేసింది."

ఆ మాట ఎందుకన్నానో. నలభై ఐదేళ్ళు లోపల దాచుకుంటే బయటికొచ్చింది ఆ ఒక్క మాట.

"మీ కింద మా అన్న ఎన్నేళ్ళు చేశాడు?"

"ఎనిమిది."

"ఎనిమిదేళ్ళు మీ మధ్యాహ్నం క్యారేజీ మా అన్న చేతే పంపాను నేను. ఆయన ఇటు వచ్చి, తీసుకుని, మీకు మోసుకొచ్చేవాడు."

చేట పక్కన పెట్టింది. చేతులు కడుక్కుంది. రెండు చీరలు సంచిలో పెట్టుకుంది. మందుల డబ్బా నా పక్కన బల్ల మీద పెట్టింది – పొద్దునవి పొద్దున, రాత్రివి రాత్రి, విడివిడిగా సర్దే ఉన్నాయి. వదిన దగ్గరుంటానంది. గేటు వేసుకుని వెళ్ళింది.

ఫిబ్రవరి 19, గురువారం

రాలేదు.

అన్నం వండుకున్నాను. మాడింది.

ఫిబ్రవరి 20, శుక్రవారం

ప్రభాకర్ ఫోన్. "రాయి వాడు అడుగుతున్నాడు మావయ్యా. పేరూ తారీఖులూ చెక్కేశాడు. ఉద్యోగం ఒక్కటే మిగిలింది."

"ఆ వరస ఖాళీగా ఉంచమను."

"ఎందుకు?"

"రేపు విన్నాక నువ్వే చెప్పు."

తర్వాత, "మేనత్త ఇక్కడే ఉంది. అమ్మా తనూ మాట్లాడుకోవడం లేదు. పక్కపక్కన కూర్చుంటున్నారు. ఏమైంది మావయ్యా?"

రేపు చెప్తానన్నాను.

సువార్తమ్మక్క వద్దంది ఎవరి కోసం? మరియ కోసం. మరియకి తెలిసిపోయింది. ఇంకా వద్దనుకుంటే అది నా కోసమే అవుతుంది. ఇంతే ఆలోచన. పొద్దుట్నుంచీ ఇదే తిప్పుతున్నాను. తప్పేమో. భయంగా ఉంది.

ఫిబ్రవరి 21, శనివారం

చదివాను.

మైకు ముందు నిలబడితే కాగితం ఊగిపోతోంది. పాస్టరు గారు వచ్చి ఒక చివర పట్టుకున్నారు. జడలు చదివాను. ముంజలు చదివాను. జెండా దగ్గరికొచ్చేసరికి కాగితం మడిచి, చూడకుండా చెప్పాను. ఏసుపాదం గారు తాగలేదు, చెయ్యి ఊపలేదు. జెండా విప్పింది నేను. ఆ మేటు పని తర్వాత నేను చేశాను. అంతే. నాలుగు మాటలే. వినపడిందో లేదో అనుకున్నాను. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు, అంటే వినపడిందనే.

కూర్చున్నాను. పాట ఎత్తమన్నారు. ఎవరూ ఎత్తలేదు కాసేపు. రాణి ఎత్తింది. చివరి చరణం దాకా వదల్లేదు.

భోజనాల దగ్గర ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. సంఘ పెద్ద ఒకాయన పక్క నుంచి పోతూ ఆగి, "అప్పుడు పెద్దరికం తీసేసిన వాళ్ళలో మా నాన్న ఒకడు" అని, ఇంకేం చెప్పాలో తెలియక వెళ్ళిపోయాడు.

ప్రభాకర్ సమాధి దగ్గర ఉన్నాడు. వెళ్ళాను. రాయి నిలబెట్టారు. పేరు, రెండు తారీఖులు, కింద నున్నగా ఖాళీ.

"మేటు అని రాయించరా" అన్నాను.

"రాయిస్తాను. అదెంతసేపు."

రాయి మీద దుమ్ము తుడిచాడు చేత్తో.

"ఆస్పత్రిలో ఆయన పక్కన పదిహేను రోజులున్నాను మావయ్యా. ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను. ఏదో చెప్పబోతే, పడుకో నాన్నా అన్నాను. ఆ మాట ఎవరిస్తారు నాకు?"

నిలబడ్డాను. వాడు కొట్టినా నిలబడేవాణ్ణి. కొట్టలేదు. నన్ను ఆటో దాకా దింపాడు. నా చెయ్యి పట్టుకోలేదు, పడిపోకుండా పక్కనే నడిచాడు.

మరియ తెల్లచీరలో ఆడవాళ్ళ వైపు కూర్చుంది. నేను చదువుతున్నంతసేపూ తల ఎత్తలేదు. ఆటో కదిలేటప్పుడు చూస్తే గిన్నెలు కడిగేవాళ్ళలో ఉంది.

ఫిబ్రవరి 22, ఆదివారం

గుడికి తయారయ్యాను. చొక్కా గుండీలు పెట్టుకుని మళ్ళీ కూర్చుండిపోయాను. వెళ్ళలేదు.

పదింటికి ఫోన్ చేశాను. సువార్తమ్మక్క ఎత్తింది.

"మరియ ఉందా అక్కా?"

"ఉంది. పక్కనే ఉంది."

ఇవ్వలేదు. పెట్టెయ్యనూ లేదు. ఫోన్ ఎక్కడో పెట్టినట్టు చప్పుడు. అటు నుంచి చేటలో బియ్యం చెరుగుతున్న శబ్దం. కోడి అరుపు. రాణి ఏదో అడిగింది, ఎవరూ పలకలేదు. చెరగడం ఆగింది. ఎవరో ఊపిరి తీసుకున్నట్టుంది, దగ్గరగా.

మందులు వేసుకున్నాను మరియా అన్నాను.

మళ్ళీ బియ్యం చెరుగుతున్న శబ్దం.

నేనూ ఫోన్ పెట్టెయ్యలేదు…